పన్నెండు నుంచి రెండు దాకా

జూలై 3, గురువారం

ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ అదే కథ మొదట్నుంచీ చెప్పేకంటే ఎక్కడైనా రాసుకోమంది హనాన్. రాస్తే గుండె బరువు దిగుతుందట. నర్సులకి తెలియందేముంది. సరే, రాస్తున్నా.

మా అబ్బాయి సిల్వాన్ సోమవారం పొద్దున వెళ్ళిపోయాడు. తాళంచెవి వంటింటి బల్ల మీద పెట్టి, తాగిన కాఫీ గిన్నె కడిగి బోర్లించి మరీ వెళ్ళాడు. ఫోను కూడా వదిలేశాడు. దెబ్బలాట లేదు, మాటా మాటా అనుకున్నదీ లేదు. మందుల షాపుకి నేనూ వస్తానన్నాను, అంతే. ఎప్పుడూ వెళ్తాను కదా వాడితో.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. కౌంటర్ దగ్గరున్నాయన తలెత్తకుండానే, "వయసెంత మదామ్?" అన్నాడు.

"ముప్ఫై ఒకటి."

"ముప్ఫై ఒకటా? మరి పెద్దవాడేగా. ఇష్టమొచ్చిన చోటికి వెళ్తాడు."

"జబ్బు మనిషండీ. చెవుల్లో మాటలు వినపడతాయి. నెలనెలా సూది వేయించుకోవాలి. ఈ నెలది వేయించుకోకుండానే పోయాడు."

"ఎవరికైనా హాని చేసే రకమా?"

"ఈగని కూడా కొట్టడు. చేసుకుంటే తనకే చేసుకుంటాడు."

రాసుకున్నాడు. చూస్తామన్నాడు. రెండేళ్ళ కిందటి సంగతి చెబుదామనుకుని, చెప్పకుండానే వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నా. అప్పుడూ ఇలాగే సూది తప్పింది. కొండ మీద మాఞ్ బురుజు దగ్గర గోడెక్కి, కాళ్ళు రెండూ అవతలికి వేసి కూర్చున్నాడు. ఫైరింజన్ వాళ్ళు బతిమాలి బతిమాలి దించారు. ఈసారి దించేవాళ్ళు వచ్చేలోపు ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ముందు నేను వెతికి పట్టుకోవాలి.

జూలై 4, శుక్రవారం

పొద్దున్నే మార్కెట్ హాలుకి వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళు ఉప్పుచేపా ఆలివ్‌లూ అమ్మిన చోటు. అక్కడ నాకు తెలియని మొహం లేదు. సిల్వాన్ చిన్నప్పుడు ఆలివ్ తొట్ల వెనక కూర్చునే బడి పాఠాలు రాసుకునేవాడు. అందరూ మన ఊరి పలకరింపు లెక్క ప్రకారం మూడేసి ముద్దులు పెట్టి నా బుగ్గలు తడిపారు గానీ, చూశామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. "వాడే వస్తాడులే ఒడిల్, తిరిగి తిరిగి" అన్నారు. తప్పిపోయిన పిల్లి గురించి చెప్పినట్టే.

అక్కడినుంచి పెద్ద చర్చి ముందు చౌక్. తర్వాత ఆరేన్, ఎద్దుల పందేలు జరిగే ఆ పాత రాతి మైదానం, దాని గోడ చుట్టూ ఒక ప్రదక్షిణ. రోమన్‌లు ఇంత పెద్దది ఎందుకు కట్టారో గానీ, ప్రతి కమాను కిందా మనిషి నక్కేంత చీకటి ఉంది. ఒక్కొక్కటీ వంగి చూశాను. తర్వాత చెట్ల బాట పట్టుకుని రైల్వే స్టేషన్. బెంచీల మీద పడుకున్నవాళ్ళ మొహాల్లోకి తొంగి తొంగి చూస్తుంటే ఒకడు కన్ను తెరిచి, "ఏంటమ్మా, కొంటావా?" అన్నాడు.

పన్నెండు కొట్టేసరికి ఇంటికొచ్చేశాను. ఎండ లోపలికి రాకుండా కిటికీ చెక్క రెక్కలన్నీ మూసి, బల్ల మీద ఇద్దరికీ పెట్టాను. ఎక్కడున్నా భోజనం వేళకి ఇల్లు గుర్తొస్తుంది. వాడికి ఆకలేసేది కూడా సరిగ్గా పన్నెండింటికే, పుట్టినప్పటినుంచీ అంతే. ఆ వేళకి నేను ఇంట్లో లేకపోతే ఎలా? వాడి దగ్గర తాళంచెవి కూడా లేదు. అందుకే పన్నెండు నుంచి రెండు దాకా గుమ్మం దాటకూడదని నిర్ణయించుకున్నాను. ఎలాగూ ఆ ఎండలో ఊళ్ళో తిరిగేది బల్లులూ టూరిస్టులే.

రెండింటికి మళ్ళీ బయల్దేరి చీకటి పడేదాకా తిరిగాను.

జూలై 5, శనివారం

లేడు.

జూలై 6, ఆదివారం

ఫోంతేన్ తోటకి వెళ్ళాను. వాడికి ఊళ్ళో ఇష్టమైన చోటు అదొక్కటే. చిన్నప్పుడు ఆ రాతి కొలనుల్లో చేపలకి రొట్టె వేస్తుంటే కాపలావాడు ఈల ఊదేవాడు.

చెట్ల కింద గుండ్లు విసిరి బూల్ ఆడేవాళ్ళు పొద్దున్నే చేరారు. ఇనప గుండు ఒకటి చేతిలో ఊపుకుంటూ మొస్యూ ఫాబ్రెగ్ నన్ను చూశాడు. రైలింజను నడిపి రిటైరైన మనిషి. ఆయన తెలివంతా ఆ గుండులోనే ఉంది.

"ఏం ఒడిల్, ఇంకా దొరకలేదా?"

"దొరికితే నీ మొహం చూడ్డానికి వస్తానా?"

"మేం పొద్దున్నుంచి పన్నెండు దాకా ఇక్కడే. మళ్ళీ నాలుగింటినుంచి ఇక్కడే. చీమ కదిలినా మాకు తెలుస్తుంది. మీవాడు రాలేదు."

"ఎర్ర చొక్కా వేసుకున్నాడు. సన్నగా, నాలాగే పొడుగ్గా."

"నీ కొడుకు నాకు తెలియదా ఏం? రాలేదంటే రాలేదు. పోయి భోంచెయ్, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

తోటవాడిని అడిగాను, లేదన్నాడు. ఐస్‌క్రీం బండామెనీ అడిగాను, ఆవిడా అదే మాట. కొలను దగ్గర బెంచీ మీద ఆ ఉత్తరాది ఆవిడ కూర్చుని ఉంది. పోయినేడాది లిల్ నుంచి వచ్చి మా వీధి చివర దిగిన మదామ్ వెర్హేగ్. ఒళ్ళో కాగితం పరుచుకుని రొట్టెముక్క తింటోంది, ఆదివారం పూట, కుర్చీ బల్లా లేని దానిలాగా. నా చేతిలో ఫోటో చూసి ఏదో అడగబోయింది. నేను ఆగలేదు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నవాళ్ళకే కనపడనివాడు ఈవిడకేం కనపడతాడు.

పన్నెండుకి ఇల్లు. ఇద్దరికీ బ్రందాద్ చేశాను. ఉప్పుచేప నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె పోస్తూ మెదిపి మెదిపి, వాడికి నచ్చేట్టు. రెండు దాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాను.

జూలై 8, మంగళవారం

ఇవాళ చెయ్యకూడని పని చేశాను. మొసలి బొమ్మ ఉన్న ఫౌంటెన్ దగ్గర వెనకనుంచి అచ్చం వాడే. అదే మెడ, అదే వంగిన భుజం. పరిగెత్తి చొక్కా పట్టుకుని లాగాను. వాడు తిరిగాడు. ఎవరో పరాయివాడు, పక్కన పెళ్ళాం, చేతిలో ఐస్‌క్రీం. "సిల్వాన్" అంటున్నాను, చొక్కా వదలకుండా. ఆ అమ్మాయి నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. ఏమీ అనలేదు పాపం. అనుంటే బాగుండేది.

కాళ్ళు వాచిపోయాయి. చెప్పులు పట్టడంలేదు.

జూలై 9, బుధవారం

లేడు. పన్నెండింటికీ రాలేదు.

జూలై 11, శుక్రవారం

ఫోటో పెద్దది చేయించి, కింద నా ఫోన్ నంబరు వేయించి, ఊరంతా అంటించాను. కాలవ గట్టు పొడుగునా ప్రతి చెట్టుకీ ఒకటి. తోట గేటుకి, ఆరేన్ చుట్టూ, స్టేషన్ బాటలో, మార్కెట్ తలుపుకి. ఇప్పుడు ఊళ్ళో ఏ మూల తిరిగినా వాడి మొహం కనపడుతుంది. నాకైతే కాస్త ధైర్యంగా ఉంది. వాడు కూడా చూస్తాడు, అమ్మ వెతుకుతోందని తెలుసుకుంటాడు.

హనాన్ దగ్గర ఆగాను. సూది గడువు దాటిపోయిందట. "ఇంకో వారం, పది రోజులు పరవాలేదు ఒడిల్ అమ్మా. ఆ తర్వాత మాత్రం చెప్పలేను" అంది. అబద్ధం చెప్పొచ్చు కదా. చెప్పదు.

"పోనీ ఇంట్లో ఏమైందో చెప్పండి" అంది.

"ఏమీ కాలేదు."

"సిల్వాన్ ఒక్కడే ఎప్పుడైనా వస్తాడా నా దగ్గరికి? ఎప్పుడూ మీరే తీసుకొస్తారు, మీరే పక్కన కూర్చుంటారు, వాడినడిగితే మీరే జవాబు చెప్తారు."

"వాడు సరిగ్గా చెప్పలేడని."

హనాన్ సూదుల పెట్టె మూసింది. నేనూ వచ్చేశాను. జబ్బు మనిషిని ఒంటరిగా వదిలేసి, కాళ్ళు చాపుకుని టీవీ చూసే తల్లులు మంచివాళ్ళు కాబోలు.

జూలై 14, సోమవారం

జాతీయ పండగ బాణసంచా. వాడికి చప్పుళ్ళు పడవు. ప్రతి ఏడూ ఈ రోజు వాడి చెవుల్లో దూది నేనే పెడతాను. ఎక్కడ కూర్చుని చెవులు మూసుకున్నాడో.

జూలై 15, మంగళవారం

పడిపోయాను. స్టేషన్ బాటలో, ఫోటో అంటిస్తూ. లేచేసరికి ఎవరో మొహం మీద నీళ్ళు చల్లుతున్నారు. అలెస్ నుంచి మా చెల్లెలు సోలాంజ్ కారేసుకుని వచ్చింది. వచ్చీ రాగానే మొదలెట్టింది.

"అద్దంలో చూసుకున్నావా అక్కా? దయ్యం నయం."

"కాఫీ తాగుతావా?"

"కాఫీ సంగతి తర్వాత. ఊరంతా వాడి ఫోటోలేంటి? దొంగోడి ఫోటో పెట్టినట్టు."

"కనపడకుండా పోయినవాడి ఫోటో పెట్టరా?"

"వాడు కనపడకుండా పోలేదు, వెళ్ళిపోయాడు. రెంటికీ తేడా ఉంది."

"నీకు పిల్లల్లేరు. నీకేం తెలుసు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాని మొహం ఇంతయింది. అయినా అలిగి పోలేదు, కిటికీ రెక్కలు మూసి, నన్ను మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళకి తడిగుడ్డ చుట్టింది. "తిరుగు, తిరగొద్దనను. పొద్దునా సాయంత్రం తిరుగు. మిట్టమధ్యాహ్నం మాత్రం గడప దాటావంటే నా మీద ఒట్టే" అంది.

"ఆ వేళకి ఎలాగూ ఇంట్లోనే ఉంటాను. వాడు వస్తాడని."

సోలాంజ్ వేరే వైపు చూసింది. ఏడుస్తోందేమో తెలియదు.

జూలై 17, గురువారం

ఫోటోలు ఎవడో చింపేస్తున్నాడు. నిన్న పన్నెండింటికి ఇంటికొస్తూ చూశాను, కాలవ గట్టు మీద అన్నీ ఉన్నాయి. రెండింటికి వెళ్తే సగం లేవు. కొత్తవి అంటించాను. ఇవాళా అంతే, పన్నెండుకి ఉన్నాయి, రెండుకి లేవు. తోట గేటు దగ్గరిది, కాలవ చెట్లవి, మా వీధి మొదట్లోది కూడా.

ఆ వేళప్పుడు ఊళ్ళో పురుగు కూడా ఉండదు. దుకాణాలన్నీ కట్టేసి, రెక్కలు మూసుకుని అందరూ భోజనాల దగ్గరుంటారు. మరి ఎవడు ఆ దిక్కుమాలినవాడు? ఫాబ్రెగ్‌ని అడిగితే, "నేను భోంచేస్తూ ఉంటాను కదా, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. రొట్టెల దుకాణం ఆవిడా అదే మాట. తోటవాడూ అదే మాట.

పిల్లలు తుంటరిపనికి చేసుంటారు. సెలవులు కదా.

జూలై 18, శుక్రవారం

ఇవాళ రెండు పేజీలు చింపేశాను. అయినా రాయాలి.

సాయంత్రం కాలవ గట్టు మీద మళ్ళీ ఫోటో అంటిస్తుంటే వెనకనుంచి లిల్ ఆవిడ వచ్చింది. మదామ్ వెర్హేగ్.

"నమస్కారం మదామ్. మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట."

"ఫోటో గురించైతే చెప్పండి. కాకపోతే నాకు తీరిక లేదు."

"ఫోటో గురించే. ఇతను మీ అబ్బాయా? దొరికాడనుకున్నాను. రోజూ చూస్తున్నాను కదా."

నా చేతిలో జిగురు డబ్బా కింద పడింది.

"ఎక్కడ?"

"తోటలో. మా ఆఫీసు అక్కడే, నేను మధ్యాహ్నం అక్కడికే వెళ్ళి తింటాను. ఒంటిగంటకి కొలను మెట్ల మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటాడు. తోటంతా ఖాళీ, మేమిద్దరమే. ఒకసారి రొట్టె ఇస్తే తీసుకున్నాడు, చక్కగా థాంక్స్ చెప్పాడు. రెండు కొట్టకముందే లేచి వెళ్ళిపోతాడు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. అరిచాననుకుంటా.

"ఆ ఆదివారం చెప్పబోయాను. మీరు ఆగలేదు." డబ్బా తీసి నా చేతికిస్తూ, "ఫోన్ చేద్దామనుకున్నా. మీ ఊళ్ళో భోజనం వేళ ఫోన్ చేస్తే ఇంటిమీదికొచ్చినంత తప్పని మా ఆఫీసులో అన్నారు. సాయంత్రానికి, దొరికే ఉంటాడులే అనిపించింది. మరి... మీరు ఆ టైములో వెతకరా?" అంది.

వెతకను. ఈ ఊళ్ళో ఎవరూ ఆ వేళ ఏమీ చెయ్యరు. నేను అడిగిన ప్రతివాళ్ళూ నిజమే చెప్పారు, వాళ్ళు చూసిన వేళల్లో వాడు లేడు. ఇల్లు కాపలా కాస్తూ నేను రెక్కలు మూసుకుని కూర్చున్న రెండు గంటలూ వాడు బయట ఉన్నాడు. నా ఇంటి ముందునుంచే నడిచి ఉంటాడు. మా వీధి మొదట్లో ఫోటో చింపింది వాడే.

అమ్మా, నా తెలివి తగలెయ్య.

రేపు ఒంటిగంట.

జూలై 19, శనివారం

పన్నెండున్నరకే తోటలో ఉన్నాను. ఆ వేళ ఆ తోట అలా ఉంటుందని ఈ వయసొచ్చేదాకా తెలియదు నాకు. ఒక్క మనిషి లేడు. చిమటల చప్పుడు తప్ప ఏమీ లేదు. తెల్లటి రాళ్ళు కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. పాడుబడ్డ రోమన్ గుడి గోడ నీడలో నించున్నాను.

వచ్చాడు. ఎర్రచొక్కా ఎండకి వెలిసి గులాబీ రంగయింది. గడ్డం. నడుం దగ్గర పాంటు తాడుతో కట్టుకున్నాడు. చెట్టంత కొడుకు పుల్లలాగా అయిపోయాడు. మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పి, పక్కపక్కన సర్ది పెట్టాడు. నీళ్ళలో కాళ్ళు పెట్టి తల వెనక్కి వాల్చాడు. మొహంలో ఏ భయమూ లేదు. ఇంట్లో ఎన్నడూ అలా చూడలేదు వాడిని.

అక్కడే ఆగిపోయుంటే బాగుండేది. ఆగలేకపోయాను. "నాన్నా" అన్నాను.

లేచి పరుగు. చెప్పులు వదిలేసి, మెట్లెక్కి, చెట్ల మధ్యనుంచి కొండ మీదికి. మాఞ్ బురుజు వైపు. నా పైప్రాణం పైనే పోయింది. పరిగెత్తాను. పరిగెత్తానని రాస్తున్నా గానీ, ఈ కాళ్ళతో పాకడమే. మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ, వాడి చెప్పులు చేత్తో పట్టుకుని. పైకెళ్ళేసరికి గోడ దగ్గర ఉన్నాడు. గోడెక్కలేదు. చెయ్యి మాత్రం గోడ మీద ఉంది.

"అక్కడే ఆగు" అన్నాడు.

ఆగాను. ఊపిరి ఆడడంలేదు. మెట్టు మీద కూలబడ్డాను.

"అమ్మా, ఈ వేళప్పుడు నువ్వెందుకొచ్చావు?" కోపం కాదు. బతిమాలుతున్నాడు. "పొద్దున్నంతా నువ్వే. సాయంత్రం అంతా నువ్వే. మార్కెట్ దగ్గర నువ్వే, స్టేషన్‌లో నువ్వే, ఏ చెట్టు చూసినా నా మొహమే. జనం నన్ను చూసి ఫోటో చూస్తున్నారు, ఫోటో చూసి నన్ను చూస్తున్నారు. పొద్దున్నా సాయంత్రం ఊరవతల ఒక పాడు షెడ్డులో కూర్చుంటున్నా. ఈ రెండు గంటలే నాకు ఊరు. అందరూ తింటూ ఉంటారు. నువ్వు కూడా తింటూ ఉంటావు. ఇది కూడా తీసుకుంటే నాకిక చోటు లేదు."

గోడ మీద చెయ్యి అలాగే ఉంది.

"ఇంటికి రా నాన్నా" అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

"ఇంట్లో నేను ఊపిరి తీస్తే నువ్వు లెక్కపెడతావు."

"నేనెప్పుడు లెక్కపెట్టాను?"

రాత్రిళ్ళు వాడి గది తలుపు దగ్గర నించుని వినేదాన్ని, నిజమే. వినడం వేరు, లెక్కపెట్టడం వేరు.

"సూది" అన్నాను. "సూది వేయించుకో. ఇంకేమీ అడగను."

వాడి పెదవులు కదులుతున్నాయి, నాతో కాదు. చెవుల్లో వాళ్ళతో.

"నువ్వు రాకపోతే వెళ్తాను" అన్నాడు చివరికి. "హనాన్ దగ్గరికి. నేనొక్కణ్ణే. పన్నెండు నుంచి రెండు దాకా నువ్వు బయటికి రాకూడదు. ఫోటోలు తీసెయ్యాలి. మాటివ్వు."

"ఎప్పుడు వెళ్తావు?"

"చూశావా? మళ్ళీ."

మాటిచ్చాను. చెప్పులు మెట్టు మీద పెట్టి దిగొచ్చేశాను. వెనక్కి తిరిగి చూడకుండా దిగడం ఈ జన్మలో నేను చేసిన అతి కష్టమైన పని.

జూలై 20, ఆదివారం

సోలాంజ్ ఫోన్‌లో చీల్చి చెండాడింది.

"గోడ దగ్గరున్నవాణ్ణి వదిలేసి వచ్చావా? ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యాలా వద్దా?"

"చేస్తే దూకేవాడు."

"ఇప్పుడు దూకడని రాసిచ్చాడా?"

"ఇవ్వలేదు."

"మరి?"

మరి ఏముంది. మాటిచ్చాను. తల్లి మాట నమ్మి ఒకడు కొండ దిగాలి.

ఫోటోలన్నీ గీకేశాను. వీధి వీధికీ మళ్ళీ తిరిగి, గోళ్ళతో. మార్కెట్ దగ్గర, "దొరికాడా?" అన్నారు. దొరికాడన్నాను.

జూలై 22, మంగళవారం

కిటికీ రెక్కల సందులోంచి చూడనని మాటివ్వలేదు. చూశాను. వీధిలో ఎవరూ లేరు.

జూలై 23, బుధవారం

ఒంటిగంట దాటాక ఫైరింజన్ సైరన్. మా వీధి చివర మలుపు తిరిగి తోట వైపు పోయింది. వెనకే ఇంకోటి.

తలుపు దాకా వెళ్ళాను. గొళ్ళెం మీద చెయ్యి వేశాను. వెళ్తే మాట తప్పినట్టు. వాడు బతికుండి నన్ను చూస్తే, ఉన్న చోటు పోయిందనుకుని గోడెక్కుతాడు. వెళ్ళకపోతే, వాడు గోడ కిందే పడి ఉంటే, తల్లి ఇంట్లో భోజనం ముందు కూర్చుని ఉన్నట్టు. ఏది చేసినా చంపేది నేనే అనిపించింది. గొళ్ళెం పట్టుకుని అలాగే నేల మీద కూర్చున్నాను. నోట్లో ఏప్రన్ అంచు కుక్కుకున్నాను, అరుపు బయటికి రాకుండా. రెండు కొట్టేదాకా కదల్లేదు. దేవుడితో బేరాలాడాను. నమ్మను ఆయన్ని, అయినా ఆడాను.

రెండు కొట్టగానే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. గేటు దగ్గర, సైరన్ విని వచ్చిన ఫాబ్రెగ్ కనపడ్డాడు. "కొండ వెనక పైన్ చెట్లు అంటుకున్నాయి, ఎవడో సిగరెట్ పారేశాడు" అన్నాడు. "ఏంటలా ఉన్నావు ఒడిల్?"

అక్కడే రోడ్డు మీద కూర్చుని నవ్వాను. ఆయన భయపడి నీళ్ళు తెచ్చాడు.

జూలై 24, గురువారం

హనాన్ దగ్గర్నుంచి ఏమీ లేదు. చెప్పిన పది రోజులూ అయిపోయాయి. నేను మోసపోయానేమో. వాడు నన్ను వదిలించుకోవడానికి అన్నాడేమో. పన్నెండు నుంచి రెండు దాకా కూర్చున్నాను. ముద్ద దిగలేదు.

జూలై 26, శనివారం

ఒంటిగంటన్నరకి ఫోన్ మోగింది. భోజనం వేళ. ఈ ఊళ్ళో ఆ వేళప్పుడు ఫోన్ మోగితే చావు కబురే. కుర్చీలోంచి లేవలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"ఒడిల్ అమ్మా, హనాన్‌ని. వచ్చాడు."

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

"వింటున్నారా? సిల్వాన్ వచ్చాడు. ఒక్కడే. తలుపు కొట్టి, లోపలికి రావచ్చా అని అడిగి వచ్చాడు. సూది వేశాను. కాళ్ళ మీద పుళ్ళున్నాయి, కడిగి కట్టాను. నేను అడిగినవాటన్నిటికీ వాడే జవాబు చెప్పాడు. నెల తర్వాత మళ్ళీ రమ్మన్నాను, వస్తానన్నాడు."

"ఇంటికి..." అన్నాను.

"రాడు. ఆ షెడ్డులోనే ఉంటాడట. హాస్టల్ ఒకటి చూస్తానన్నాను, ఆలోచిస్తానన్నాడు." హనాన్ ఎప్పుడూ అంతే, చేదుది చివరికి దాచుకుంటుంది. "మీకో మాట చెప్పమన్నాడు. చెప్పనా?"

"చెప్పు."

"పొద్దున పూట కూడా కావాలట. తొమ్మిది నుంచి. మార్కెట్‌కి వెళ్ళాలనుందట, ఆలివ్‌లు కొనుక్కోవడానికి. మీరు సాయంత్రాలు తిరగొచ్చట. పొద్దున మాత్రం తనకి వదిలెయ్యమన్నాడు."

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎందుకు రాదు. అరవై నాలుగేళ్ళు ఈ ఊళ్ళో బతికాను, మార్కెట్‌కి పొద్దున కాక సాయంత్రం ఎవరైనా వెళ్తారా? ఆ వీధుల్లో నా మొహం తెలియని రాయి లేదు. ఒక్కొక్క గంటా నా ఊరు నానుంచి అడిగి తీసుకుంటున్నాడు. రేపు సాయంత్రాలూ అడుగుతాడు. అడగనీ. బతికి ఉండి అడుగుతున్నాడు కదా.

"పొద్దున్న వాడిదేనని చెప్పు హనాన్" అన్నాను. "తొమ్మిది కాదు, ఎనిమిది నుంచి తీసుకోమను. మంచి ఆలివ్‌లు తొమ్మిదింటికల్లా అయిపోతాయి."